బట్టల తహారత్ – వేడినీళ్ల దుబారా

నమాజ్ నెరవేరాలంటే దేహం, దుస్తులు, నమాజ్ చేసే చోటు – ఈ మూడూ పరిశుద్ధంగా ఉండాలన్న సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దివ్యఖుర్ఆన్ 74వ సూరా (అల్ ముద్దస్సిర్) ఆరంభంలోనే దుస్తులను పరిశుద్ధంగా ఉంచుకోవాలన్న ఆదేశం ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై తొలినాళ్లలో అవతరించిన ఆదేశాల్లో ఇది ఒకటి. కాబట్టి బట్టలు ఉతకడం మన దృష్టిలో వట్టి ఇంటి చాకిరీ కాదు. అందులో ఆరాధనతో ముడిపడిన భాగం కొంత ఉంది.

అయితే 7వ సూరా (అల్ ఆరాఫ్) 31వ ఆయత్‌ను ఒకసారి జాగ్రత్తగా చదవండి. ఆరాధనా సమయంలో చక్కని దుస్తులు ధరించమన్న ఆజ్ఞ, తినడం తాగడంలో హద్దు మీరవద్దన్న ఆజ్ఞ – ఈ రెండూ ఒకే ఆయత్‌లో పక్కపక్కనే ఉన్నాయి. దుబారా చేసేవారిని అల్లాహ్ ఇష్టపడడన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. దుబారా అనగానే మనకు పెళ్లి విందులు, వలీమా పందిళ్లు గుర్తొస్తాయి. ఉతుకుడు రాయి దగ్గర, వాషింగ్ మిషన్ దగ్గర జరిగే దుబారా మన కంటికి ఆనదు. పైగా అది ‘తహారత్’ పేరుతో జరిగితే దాన్ని దుబారా అనడానికి కూడా మనసు ఒప్పదు. ఈ పాఠంలో మనం మాట్లాడుకోబోయేది దాని గురించే.

కొంతకాలం కిందట ఒక సోదరి తన ఇంటి సంగతులు మాతో చెప్పుకున్నారు. భర్తది చిన్న దుకాణం. ఇంట్లో అత్తమామలు, ముగ్గురు పిల్లలు, వారిలో ఒకరు చంటిబిడ్డ. ఆమె రోజూ రెండు బకెట్ల నీళ్లు హీటర్ కడ్డీతో కాచి, ఆ వేడినీళ్లలో బట్టలన్నీ నానబెడతారు. ఆపైన వాటిని మిషన్‌లో వేస్తారు. చంటిబిడ్డ ఒక దుప్పటి మీద మూత్రం పోస్తే ఆ మంచం మీదున్న దుప్పట్లు, దిండు గలీబులన్నీ మళ్లీ వేడినీళ్లలోకి వెళ్లాల్సిందే. నెలసరి రోజులు ముగిసిన నాడు ఆ వారం తాను కట్టుకున్న బట్టలన్నీ, పరుపు మీది గుడ్డలన్నీ ఉతికి ఆరితేగానీ ఆమె నమాజ్ మొదలుపెట్టరు. “మా నానీ అలాగే నేర్పింది, వేడినీళ్లు పడందే పాక్ అవదని చెప్పేది” అన్నారామె. వానాకాలంలో ఆ బట్టలు సాయంత్రానికి కూడా ఆరవు. అలా జుహర్, అస్ర్ నమాజ్‌లు ఎన్నోసార్లు తప్పిపోయాయట. ఆమె మాతో మాట్లాడింది నమాజ్ గురించి కాదు, కరెంటు బిల్లు మీద ఇంట్లో రోజూ జరుగుతున్న గొడవ గురించి! బిల్లు సంగతి తర్వాత చూద్దాం. వేళ మీరిపోయిన ఆ నమాజ్‌ల సంగతి ముందు.

మురికి వేరు, నజాసత్ వేరు

మన ఇళ్లలో ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చిక్కంతా వస్తోంది. చెమట, దుమ్ము, కూర మరక, నూనె జిడ్డు, బడికి వెళ్లొచ్చిన పిల్లవాడి చొక్కాకు అంటిన ఎర్రమట్టి – ఇవన్నీ మురికి. వీటిని వదిలించుకోవడం మంచి అలవాటు, అందులో సందేహం లేదు. మాసిన బట్టలు తొడుక్కున్న ఒక వ్యక్తిని చూసి, ఇతనికి బట్టలు ఉతుక్కోవడానికి ఏమీ దొరకలేదా అన్న భావంతో దైవప్రవక్త (స) మాట్లాడినట్లు హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖించారు (అబూ దావూద్). కాని చెమట పట్టిన బట్ట నాపాక్ కాదు. దానితో నమాజ్ చెల్లుతుంది.

నజాసత్ అంటే మూత్రం, మలం, కారిన రక్తం వంటివి. ఇవి అంటిన చోటును కడగాలి. ఎక్కడ అంటిందో అక్కడే కడగాలి. ఇక్కడ ‘చోటు’ అన్న మాటను గమనించండి. దైవప్రవక్త (స) వస్త్రానికి జనాబత్ చిహ్నం అంటితే తాను దాన్ని కడిగేదాన్నని, ఆ తడి మచ్చలు ఇంకా కనబడుతుండగానే ఆయన నమాజ్‌కు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు (బుఖారీ). వస్త్రం మొత్తం ఉతకలేదు, అది ఆరేదాకా ఆగలేదు. తడి మచ్చతోనే మస్జిద్‌కు వెళ్లారు. తడిబట్టతో నమాజ్ కాదన్న అపోహ మన దగ్గర ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఈ ఒక్క హదీసు ముందు అది నిలవదు.

నెలసరి రక్తం బట్టకు అంటితే ఏం చేయాలని ఒక మహిళ అడిగిన ప్రశ్నను హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (ర) ఉల్లేఖించారు. గీకి తీసేయాలని, నీళ్లతో రుద్ది కడగాలని, ఆ తర్వాత ఆ బట్టతోనే నమాజ్ చేసుకోవచ్చునని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). రక్తం అంటని బట్టల ప్రసక్తే అందులో లేదు. ఆ రోజుల్లో స్త్రీ తాకిన వస్తువు, కూర్చున్న పరుపు, కట్టుకున్న చీర అన్నీ అపవిత్రం అనుకోవడం ఇస్లాం నేర్పిన మాట కాదు. దైవప్రవక్త (స) నమాజ్ చేస్తుండగా సజ్దాలో ఆయన వస్త్రం నెలసరిలో ఉన్న తన భార్య హజ్రత్ మైమూనా (ర)కు తగిలేదని స్వయంగా ఆమే చెప్పారు (బుఖారీ). అంటే, ఆ సోదరి వారం రోజుల బట్టలన్నీ వేడినీళ్లలో ముంచింది ధర్మం కోరినందుకు కాదు. చుట్టుపక్కల ఆచారాల నుంచి మన ఇళ్లలోకి నడిచొచ్చిన ‘మైల’ భావన అది. దాని కోసం ఫర్జ్ నమాజ్‌ను వదులుకున్నారు!

చంటిబిడ్డల సంగతి కూడా చూద్దాం. ఇంకా అన్నం తినని తన మగబిడ్డను ఉమ్మె ఖైస్ (ర) తీసుకువస్తే, ఆ బిడ్డ దైవప్రవక్త (స) ఒడిలో మూత్రం పోశాడు. ఆయన నీళ్లు తెప్పించి ఆ చోట చిలకరించారు, రుద్ది ఉతకలేదు (బుఖారీ). హనఫీ ధర్మవేత్తలు దీన్ని తేలికగా నీళ్లు పోసి కడగడంగా అర్థం చేసుకున్నారు. ఆడబిడ్డ మూత్రం విషయంలోనూ, అన్నం తినే పిల్లల విషయంలోనూ కడగడం తప్పనిసరి. ఎలా చూసినా తడిసిన దుప్పటి తడిసిన మేరకే కడగాలి. పక్కనున్న దిండు గలీబు ఏ పాపం చేసింది?

ఎన్నిసార్లు కడగాలన్న దానికి హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాల్లో స్పష్టమైన నియమం ఉంది. కంటికి కనిపించే నజాసత్ అయితే అది పోయేదాకా కడగాలి. అది పోయాక రంగు మరక మొండికేసి మిగిలితే పర్వాలేదు, బట్ట పాక్ అయినట్లే. ఎండిపోయిన మూత్రం లాంటి కంటికి కనిపించని నజాసత్ అయితే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. కుళాయి కింద ధారగా నీళ్లు పోనిచ్చి, నజాసత్ పోయిందన్న నమ్మకం కలిగితే అదీ చాలు. ఇందులో ఎక్కడా వేడినీళ్ల షరతు లేదు. సబ్బు షరతు కూడా లేదు. పాక్ చేసేది నీరు, దాని వేడి కాదు.

ఇంత చెప్పినా కొందరి మనసు కుదుటపడదు. ‘ఏమో, ఇంకెక్కడైనా చింది ఉంటుందేమో’ అన్న శంక తొలుస్తూనే ఉంటుంది. దీన్నే వస్వసా అంటారు. నమాజ్‌లో ఉండగా వజూ పోయిందేమోనని అనుమానం వచ్చిన వ్యక్తి విషయంలో దైవప్రవక్త (స) ఏం బోధించారో మనకు తెలుసు: శబ్దమో వాసనో రూఢిగా తెలిస్తే తప్ప నమాజ్ వదలకూడదు (బుఖారీ, ముస్లిం). నిశ్చయంగా ఉన్నదాన్ని అనుమానం చెరపలేదన్న సూత్రాన్ని ధర్మవేత్తలు దీని నుంచే గ్రహించారు. బట్టకూ ఇదే వర్తిస్తుంది. నజాసత్ అంటిందని తెలియనంతవరకూ బట్ట పాక్ గానే ఉంటుంది.

వేడినీళ్ల లెక్క

ఇప్పుడు బిల్లు దగ్గరికి వద్దాం. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుందని కరెంటు లెక్క. 20 లీటర్ల బకెట్‌లోని నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు 0.7 యూనిట్ కావాలి. ఇది ఏ కంపెనీ కడ్డీ కొన్నా మారదు. నీటి స్వభావంలో ఉన్న లెక్క ఇది. ఆ సోదరి రోజూ కాచేవి రెండు బకెట్లు. 1500 వాట్ల కడ్డీ సుమారు గంటసేపు వెలగాలి. నెలకు 40 యూనిట్ల పైనే!

దీని పక్కన మిషన్ ఖర్చు పెట్టి చూడండి. హీటర్ లేని టాప్ లోడ్ మిషన్‌లో కరెంటు మోటారుకు, పంపుకు మాత్రమే పోతుంది. ఒక విడత బట్టలు చన్నీళ్లతో ఉతకడానికి యూనిట్‌లో నాలుగో వంతు అటూ ఇటూగా సరిపోతుంది. అంటే ఒక బకెట్ నీళ్లు కాచే కరెంటుతో రెండు, మూడు విడతల బట్టలు ఉతికి పిండవచ్చు. మిషన్ కొన్నందువల్ల బిల్లు పెరిగిందని అత్తగారు కోడలిని తప్పు పట్టడం మనం చాలా ఇళ్లలో విన్నదే. పాపం, మిషన్ అమాయకురాలు! అసలు ఖర్చు బకెట్‌లో మునిగి ఉన్న కడ్డీది.

ఫ్రంట్ లోడ్ మిషన్లలో హీటర్ లోపలే ఉంటుంది. బట్టలు వేసి బటన్ నొక్కితే చాలా మిషన్లు 40 డిగ్రీలకో, 60 డిగ్రీలకో నీళ్లు కాచుకుంటాయి. అది కంటికి కనబడదు కాబట్టి మనకు పట్టదు. 15 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు పెంచడానికి 0.6 యూనిట్ పైన అవుతుంది, 40 డిగ్రీలకైతే అందులో సగం కూడా కాదు. ‘కోల్డ్’ అని ఉన్న బటన్ నొక్కితే ఆ ఖర్చు మొత్తం మిగులుతుంది. మామూలు మాసిన బట్టలకు నేటి డిటర్జెంట్ పౌడర్లు చన్నీళ్లలోనే పనిచేస్తాయి. ఈ మిషన్లలో ఎక్కువసేపు నడిచే ప్రోగ్రాం ఎక్కువ కరెంటు తాగుతుందనుకోవడం కూడా పొరపాటే. చన్నీళ్లలో రెండు గంటలు తిరిగిన దానికన్నా వేడినీళ్లలో అరగంట తిరిగినదే ఎక్కువ తాగవచ్చు.

మరో మాట. రక్తపు మరక మీద వేడినీళ్లు పోస్తే అది గడ్డకట్టి నూలులోకి ఇంకిపోతుంది. చన్నీళ్లలో నానబెట్టి రుద్దితే వదులుతుంది. హజ్రత్ అస్మా (ర) హదీసులో చెప్పిన గీకి, నీళ్లతో రుద్ది కడిగే పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది. ‘సైన్సు నేడు కనుగొన్నదాన్ని ఆనాడే చెప్పారు’ అంటూ చప్పట్లు కొట్టే అలవాటు మాకు లేదు. చన్నీళ్లతో రక్తం వదులుతుందని మన ముత్తవ్వలకూ తెలుసు. హదీసు ఉన్నది తహారత్ నేర్పడానికి. అది నేర్పిన సులువును కాదని మనం కష్టాన్ని ఎంచుకోవడం ఎందుకన్నదే ఇక్కడి ప్రశ్న.

వేడినీళ్లు అసలే వాడవద్దని మేము చెప్పడం లేదు. ఇంట్లో ఎవరికైనా గజ్జి సోకితే వారి బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు 50 డిగ్రీలకు మించిన వేడిలో కనీసం 10 నిమిషాలు ఉంచాలి. లేకపోతే ఆ పురుగు చావదు, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డవారి పక్కబట్టలకూ వేడినీళ్లు మంచివే. అది ఆరోగ్యం కోసం పెట్టే ఖర్చు, దుబారా కాదు. 25వ సూరా (అల్ ఫుర్ఖాన్) 67వ ఆయత్ నేర్పేదీ ఇదే: దుబారాకూ, పిసినారితనానికీ మధ్యస్తంగా నడవాలి. కరెంటు మిగిల్చాలని జబ్బుపడిన తల్లి దుప్పటి ఉతక్కుండా వదిలేయడం పొదుపు కిందికి రాదు.

ఏప్రిల్, మే నెలల్లో మన డాబాల మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. జిడ్డు బట్టలున్న రోజు ఆ వేళకు నానబెట్టుకుంటే కడ్డీతో పనే లేదు. ఎండకు కాగిన నీళ్లు వాడకూడదని పెద్దలు అంటారే అని కొందరు అడుగుతారు. కొందరు ధర్మవేత్తలు, ముఖ్యంగా షాఫియీలు, లోహపు పాత్రల్లో ఎండకు కాగిన నీళ్లను ఒంటికి వాడటం మక్రూహ్ అన్నారు. ఆ మాట ఒంటికి సంబంధించినది, బట్టలు ఉతకడానికి కాదు.

కడ్డీ వాడక తప్పని ఇళ్లకు ఒక హెచ్చరిక. స్విచ్ ఆపి, ప్లగ్ పీకేదాకా నీళ్లలో వేలు పెట్టి వేడి చూడకూడదు. ఇనుప బకెట్ వాడకూడదు. పిల్లలు తిరిగే చోట కడ్డీ పెట్టి నమాజ్‌కు నిలబడకూడదు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు.

సబ్బునీళ్లు మళ్లీ వాడవచ్చా?

పొదుపుగా ఉతికే ఇళ్లలో ఒక మంచి అలవాటు ఉంది. సెమీ ఆటోమేటిక్ మిషన్‌లో ఒకసారి కలిపిన సబ్బునీళ్లలో ముందు తెల్లబట్టలు, తర్వాత రంగు బట్టలు, చివర మసిగుడ్డలు తిప్పుతారు. నీళ్లు, పౌడరు, కరెంటు అన్నీ కలిసివస్తాయి. దీనికి తహారత్ వైపు నుంచి ఒకే ఒక్క షరతు ఉంది. నజాసత్ అంటిన బట్టను ఆ తొట్టిలో నేరుగా వేయకూడదు. చంటిబిడ్డ లంగోటీ ఒక్కటి పడినా ఆ నీళ్లన్నీ నాపాక్ అవుతాయి, వాటితో పాటు అందులోని బట్టలన్నీ కూడా. కాబట్టి అలాంటి గుడ్డలను ముందే కుళాయి కింద కడిగి, పాక్ చేసి, ఆ తర్వాతే మిగతా వాటితో కలపాలి. ఈ చిన్న పనికి రెండు మూడు చెంబుల నీళ్లు పడతాయి. ఇది చేయని ఇంట్లో మొత్తం విడతను మళ్లీ ఉతుక్కోవలసి వస్తుంది. తొలి అడుగులో చూపిన శ్రద్ధ వల్లనే నీళ్లూ, కరెంటూ మిగులుతాయి.

పొరపాటున నాపాక్ బట్ట మిషన్‌లో పడిపోతే? ఆ సబ్బునీళ్లు పూర్తిగా వదిలేసి, మూడుసార్లు మంచినీళ్లు పట్టించి, ప్రతిసారీ డ్రైయర్ తొట్టిలో తిప్పి పిండితే సరిపోతుంది. పూర్తి ఆటోమేటిక్ మిషన్లలో ఇలా నీళ్లు మార్చి పిండటం దానంతటదే జరుగుతుంది. ఎన్నిసార్లు జాడిస్తుందో మీ మిషన్ పుస్తకంలో చూసుకోండి. తక్కువైతే ‘ఎక్స్‌ట్రా రిన్స్’ బటన్ ఆ ఒక్క విడతకు నొక్కుకోవచ్చు. ప్రతిరోజూ, ప్రతి విడతకూ దాన్ని నొక్కి ఉంచడం మాత్రం వస్వసాకు కరెంటు కనెక్షన్ ఇవ్వడమే!

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్న ఊళ్లలో సబ్బు నురగ రాదు. నురగ రావడం లేదని పౌడరు గుప్పెడు గుప్పెడు వేస్తారు. ఆపైన అది వదలక నాలుగైదుసార్లు జాడిస్తారు. దానికి బోరు మోటారు మళ్లీ వేయాలి. కొంచెం బట్టల సోడా కలిపితే గట్టినీళ్లు మెత్తబడి తక్కువ పౌడరుతోనే పని అవుతుంది. నురగ చూసి శుభ్రత కొలవకండి.

నీళ్ల విషయంలో మన ముందున్న ఆదర్శం ఎంత ఉన్నతమైనదో ఒకసారి తలచుకుందాం. దైవప్రవక్త (స) ఒక ముద్ నీళ్లతో వజూ, ఒక సా నుంచి ఐదు ముద్‌ల దాకా నీళ్లతో గుసుల్ చేసేవారని హజ్రత్ అనస్ (ర) తెలిపారు (బుఖారీ, ముస్లిం). ముద్ అంటే రెండు చేతుల దోసిలి పట్టేంత కొలత, సా అంటే అలాంటివి నాలుగు. వజూలో నీళ్లు ఎక్కువ వాడుతున్న హజ్రత్ సాద్ (ర)ను, ప్రవహించే నది ఒడ్డునున్నా దుబారా కూడదని వారించినట్లు ఇబ్నె మాజాలో ఒక హదీసు ఉంది. మన వక్తలు దాన్ని తరచూ ఉదహరిస్తారు. దాని సనద్ బలహీనమైనదని హదీసువేత్తలు పలువురు అన్నారు కాబట్టి మేము దాన్ని ఆధారంగా తీసుకోవడం లేదు. పైన చెప్పిన హజ్రత్ అనస్ (ర) హదీసు ఒక్కటి చాలు. కుళాయి తిప్పి వదిలేసి వజూ చేసే మన చేతులు అది చదివితే వణకాలి.

ఆరవేయడం, ఇస్త్రీ

ఎండ విషయంలో అల్లాహ్ మన ప్రాంతానికి ఏ లోటూ చేయలేదు. డాబా మీద దండెం కట్టుకోగలిగిన ఇంటికి ఆరబెట్టే యంత్రం అక్కర్లేదు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి ఎంత తక్కువన్నా 0.6 యూనిట్ పైన కావాలి. పిండిన తర్వాత కూడా ఒక విడత బట్టల్లో రెండు మూడు లీటర్ల నీళ్లు మిగిలి ఉంటాయి. దండెం మీద ఆ పని సూర్యుడు ఊరికే చేసిపెడతాడు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల్లాంటివి గల్ఫ్‌లో ఎన్నో ఉన్నాయి. అక్కడ బాల్కనీల్లో బట్టలు ఆరవేయడానికి కొన్ని నగరాల్లో ఒప్పుకోరు. అలాంటివారు మిషన్‌లో పిండే వేగాన్ని ఎక్కువలో పెట్టుకుని, గదిలో స్టాండు మీద ఆరవేసుకోవచ్చు. పొడిగాలికి త్వరగానే ఆరతాయి.

మన దగ్గర ఎండ కొన్నిటికి శత్రువు. నల్ల బురఖాలు ఎండలో వెలిసిపోయి, ఆరునెలలకే గోధుమరంగుకు తిరుగుతాయి. వాటిని తిరగేసి నీడలో, గాలి ఆడేచోట హ్యాంగర్‌కు వేయాలి. నీళ్లు కారుతుండగానే దులిపి వేస్తే పాలియెస్టర్ బురఖాలకు ఇస్త్రీ దాదాపు అక్కర్లేదు. జానమాజ్‌లు, మందపాటి దుప్పట్లు మాత్రం ఎండలోనే ఆరాలి, లేదంటే ముక్కవాసన వస్తుంది.

ఇస్త్రీ పెట్టె సాధారణంగా 750 నుంచి 1000 వాట్ల దాకా ఉంటుంది. థర్మోస్టాట్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి గంటకు యూనిట్ లోపే అవుతుంది. అయితే రోజూ పొద్దున్నే ఒక్కో చొక్కా కోసం దాన్ని కాచడమే దండగ. వారానికి సరిపడా స్కూలు యూనిఫాంలు, జుమా నాటి కుర్తా పైజామాలు ఒకేసారి పెట్టుకోవాలి. కొంచెం తడి ఉండగానే నూలు బట్టలు ముందు, పలుచని దుపట్టాలు చివర, స్విచ్ ఆపేశాక మిగిలిన వేడి మీద చేసుకోవచ్చు. లుంగీలకు, దిండు గలీబులకు ఇస్త్రీ ఎందుకో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

మిషన్‌ను దాని సామర్థ్యానికి తగ్గట్టు నింపాలి. సగం బట్టలకూ దాదాపు అంతే కరెంటు పోతుంది. అలాగని కుక్కి నింపితే నీళ్లు అన్నిటికీ అందక సరిగా జాడించదు, అప్పుడు తహారత్‌కే ఇబ్బంది. కొత్తగా కొనేవారు స్టార్ లేబుల్ చూసి కొనండి. వాషింగ్ మిషన్లకు ఆ లేబుల్ మన దేశంలో 2019లో మొదలైంది.

బిల్లు సున్నా అయితే?

తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు వస్తోంది. పేద ఇళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే ‘ఎలాగూ ఉచితమే కదా, గీజరు వేసుకుందాం’ అన్న మాట కూడా మేము విన్నాము. ఒక చిక్కు చెప్పుకోవాలి: 200 దాటిన నెల, దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. బట్టల కోసం కాచే వేడినీళ్లకే నెలకు 40 యూనిట్లు పోతే ఆ గీత దాటడం ఎంతసేపు?

గీత దాటకపోయినా ఒక లెక్క మిగిలే ఉంది. మన రాష్ట్రాల్లో కరెంటులో పెద్ద భాగం బొగ్గు నుంచే వస్తుంది. ఒక యూనిట్ తయారు కావడానికి సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు మండాలి. అంటే ఒక బకెట్ వేడినీళ్ల వెనుక దాదాపు అరకిలో బొగ్గు ఉంది. సింగరేణి గనుల్లో దిగే కార్మికుడి శ్రమ ఉంది, ఆ పొగ పీల్చే ఊళ్లు ఉన్నాయి. బిల్లు ప్రభుత్వం కట్టినా బొగ్గు మండక మానదు. 102వ సూరా (అత్తకాసుర్) చివరి ఆయత్ మనం ప్రశ్నించబడతామని చెప్పేది అనుగ్రహాల గురించి. డబ్బు పెట్టి కొన్నవాటి గురించి మాత్రమే అడుగుతారని అందులో లేదు.

తిరిగి ఆ సోదరి సంగతి. పై హదీసులు చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న కరెంటు గురించి కాదు, “ఇన్నాళ్లూ తప్పిపోయిన నమాజ్‌ల మాటేమిటి?” అని. తెలియక తప్పినవైనా ఫర్జ్ నమాజ్‌లకు ఖజా ఉంటుంది. ఎన్ని తప్పాయో సరిగ్గా గుర్తులేనప్పుడు, ఎక్కువలో ఎక్కువ ఇన్ని ఉండవచ్చని మనసుకు బలంగా తోచినన్ని లెక్కగట్టి, రోజూ కొన్ని చొప్పున తీర్చుకోవచ్చునని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. నెలసరి రోజుల నమాజ్‌లకు ఖజా లేదు కాబట్టి వాటిని ఆ లెక్కలో కలపకూడదు. లెక్క వేసుకోవడంలో సందేహం ఉంటే మీ మస్జిద్‌లోని ఆలింను ఇంటి మగవారి ద్వారా గాని, నేరుగా గాని అడిగి తెలుసుకోవడం మంచిది.